తొమ్మిదో పేరు

బాపట్ల,
12 జూన్ 2006

అక్కకి,
తమ్ముడు యోబు వందనాలు.

ఫోను చేద్దామంటే నీకు సగం మాటలు వినపడవు. పక్కింటి నాగమ్మ ఫోను పట్టుకుని "ఆఁ, ఆఁ" అంటావు, చివరికి "సరే, ఉంటాను" అని పెట్టేస్తావు. నేనేం చెప్పానో నీకు తెలియదు, నువ్వు దేనికి సరే అన్నావో నాకు తెలియదు. అందుకని మన పాత పద్ధతే మేలనుకుని ఫిన్నీ చేత పది ఇన్‌లాండ్ కవర్లు తెప్పించాను.

తెనాలి ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలు దాటింది. ఫిన్నీ బ్యాంకుకు, కోడలు మనీషా బడికి వెళ్ళిపోతారు. తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. నీ మరదలు సంతోషమ్మ బతికున్నప్పుడు ఆ గడియారం ఒకటుందని కూడా తెలిసేది కాదు. ఆమె నోటికి గడియారమే జడిసి ఊరుకునేది.

మనీషాను ఒక్క మాట అనడానికి లేదు. పొద్దున్నే వండి, బల్ల మీద అన్నం, కూర, పెరుగు పెట్టి మూతలు వేసి వెళ్తుంది. సాయంత్రం వచ్చి మూతలు తీసి చూస్తుంది. పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. "ఏంటి మావయ్యగారూ, నా వంట బాగోలేదా అండీ?" అంటుంది. బాగానే ఉంటుందక్కా. నోట్లో పెట్టుకుంటే ఊక నమిలినట్టుంటుంది, అంతే. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేస్తాను. మొన్నయితే మూత కూడా తీయలేదు. మంచం మీద నుంచి బల్ల దాకా ఎనిమిది అడుగులు. అంత దూరం ఎవరు నడుస్తారనిపించింది.

నీకేం, నువ్వు గట్టిదానివి. బావ పోయినప్పుడు కూడా మూడో రోజుకే వాక్యం చెప్పడానికి బయల్దేరావు. నాకా గుండె రాలేదు. ఏం వండుకుంటున్నావు? రేపల్లెలో వానలు పడ్డాయా?

నీ తమ్ముడు,
యోబు


రేపల్లె,
20 జూన్ 2006
(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు)

ఒరే యోబూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. మూత కూడా తీయలేదా? ఇక్కడ నేను మూత తీస్తే గిన్నె అడుగు కనిపిస్తోందిరా.

నీకు తెలియని సంగతి ఒకటుంది. సంతోషమ్మ బతికున్నన్నాళ్ళూ వేమూరులో తన పుట్టింటివారిచ్చిన పొలం పంట చేతికి రాగానే నాకొక బస్తా బియ్యం పంపేది. కౌలుకు చేసే యలమంద తెచ్చి దించిపోయేవాడు. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. "నా ముందు మీకు చిన్నతనం ఉండదు వదినా. తమ్ముడి ముందు ఉంటుంది" అంది. ఎంత తెలిసిన మనిషో చూడు. ఆ బస్తాతో, రేషన్ బియ్యంతో నా ఏడాది గడిచేది. ఈ ఏడు పంట వచ్చింది గాని బస్తా రాలేదు. పంపే మనిషే లేదు కదా.

రేషనూ ఆగింది. కొత్త కార్డుకు కళ్ళ ఫోటో తీయాలన్నారు. నా కుడి కంట్లో శుక్లం ముదిరింది. మిషను పట్టలేదు, ఆపరేషన్ చేయించుకుని రండమ్మా అన్నారు. ముసలి పింఛను ఈ గది అద్దెకు సరిపోతుంది. రోజుకొక్క పూట, పిడికెడు బియ్యం ఉడకేసుకుంటున్నాను. మధ్యాహ్నం మూడింటికి తింటే అటు పొద్దుటికీ ఇటు రాత్రికీ మధ్యలో పడుతుంది.

కడుపు సంగతి ఎలాగో తట్టుకుంటాను. మనసే బాగోలేదు. తెల్లారి మెలకువ వస్తే, అయ్యో మళ్ళీ లేవాలా అనిపిస్తోంది. ముప్పై ఏళ్ళు బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగి "రేపటిని గూర్చి చింతింపకుడి" అని చెప్పినదాన్ని. ఇప్పుడు ఆకలేస్తోందని ఎవరికి చెప్పను? గట్టిదానివి అని నువ్వు రాశాక అసలు చెప్పలేను.

ఇది పంపను. నువ్వే తిండి మానేసి కూర్చుంటే, నా ఆకలి కూడా తీసుకెళ్ళి నీ నెత్తిన పెట్టనా?

అక్క


రేపల్లె,
21 జూన్ 2006

తమ్ముడు యోబుకి,
అక్క రాహేలు దీవెనలు.

నీకు ఆ పేరు పెట్టిన రోజునే అమ్మ నాన్నతో గొడవపడింది, బైబిల్లోని కష్టాలవాడి పేరు పిల్లాడికెందుకని. నాన్న వినలేదు. ఇప్పుడు నువ్వు పేరు నిలబెట్టడానికి తయారయ్యావు. ఒంటికి కురుపులు లేవు, ఆస్తి పోలేదు, కోడలు వండి మూతలు వేసి మరీ పెడుతోంది. మూత తీయడానికి ఏం రోగం?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వాన పడితే నాకు నోరు ఊరుకోదు. నిన్న దోసకాయ పప్పు చేశాను. దోసకాయ మరీ పండనివ్వకుండా, గింజ తీయకుండా, అమ్మ చేసినట్టే. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తాలింపు పెడితే నాగమ్మ గోడవతల నుంచి "ఏంటండీ రాహేలమ్మగారూ, వీధంతా ఘుమఘుమలాడిస్తున్నారు" అని కేకేసింది. వేడన్నంలో ఆ పప్పు, పైన చెంచాడు నెయ్యి, నంజుకోను గుమ్మడి వడియాలు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. కాస్త ఎక్కువే అయింది.

నువ్వూ తినాలి. ముందు మూత తీయి. వాసన చూడు. ఆ పైన చెయ్యి దానంతటదే వెళ్తుంది.

మనీషాకు, ఫిన్నీకి ముద్దులు.

అక్క


బాపట్ల,
3 జూలై 2006

అక్కకి వందనాలు.

నువ్వు నమ్మవు గాని, నీ ఉత్తరం నాకు మందులా పనిచేసింది. దోసకాయ పప్పు దగ్గర ఆగి రెండోసారి చదివాను. అమ్మ తాలింపు వేసి పిడత మీద మూత పెట్టే చప్పుడు వినిపించింది. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవేళ మనీషా బీరకాయ వండింది. దోసకాయ పప్పు అనుకుని తిన్నాను. సాయంత్రం ఆ అమ్మాయి గిన్నెలు చూసి నన్ను చూసి, మళ్ళీ గిన్నెలు చూసి, "కుక్కేమైనా వచ్చిందా అండీ?" అంది.

ఇకనుంచి నువ్వు ఏం వండినా రాయి. కొంచెం వివరంగా రాయి. మిగతా విషయాలు తగ్గించినా పర్వాలేదు. సోమవారం ఉత్తరం అందితే గురువారం దాకా లాక్కొస్తాను.

ఒక మాట. ఆగస్టులో నీ దగ్గరికి వచ్చి ఓ పది రోజులు ఉందామనుకుంటున్నాను. ఉత్తరంలో చదివేదేదో నీ చేత్తోనే పెట్టించుకుని తింటాను. ఏమంటావు?

యోబు


రేపల్లె,
14 జూలై 2006

యోబుకి దీవెనలు.

తిన్నావని రాశావు, ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో కన్నీళ్ళు కూడా వచ్చాయి. ముసలితనంలో అన్నిటికీ అవే వస్తాయిలే.

సరే విను. అడవులదీవి నుంచి వచ్చే చేపలామె మొన్న గంపలో పచ్చి రొయ్యలు తెచ్చింది. గోంగూర పెరట్లోదే. గోంగూరను నీళ్ళు పోయకుండా మగ్గించి, రొయ్యలను విడిగా పసుపేసి వేయించి, రెండూ కలిపి సన్నసెగ మీద పెట్టాను. నూనె పైకి తేలేదాకా కదపకూడదు. నువ్వు చిన్నప్పుడు ఆగలేక గరిటె పెట్టి అమ్మ చేత మొట్టికాయ తినేవాడివి. ఆ కూర మర్నాటికి ఇంకా బాగుంది. చద్దన్నంలో కలుపుకుని పచ్చి ఉల్లిపాయ కొరుక్కున్నాను.

ఆగస్టులో మాత్రం రాకు. వాన పడితే నా గది కురుస్తుంది. నీకు పడుకోను చోటుండదు. చలికాలంలో చూద్దాం.

నాకు ఇక్కడ తీరిక కూడా లేదు. మన సంఘంలో పిడికెడు బియ్యం పని ఇంకా నేనే చూస్తున్నాను. ఆడవాళ్ళు అన్నానికి ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు కదా, అవన్నీ శనివారం ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తాను. డబ్బా ఆ పూటకు నా గదిలోనే ఉంటుంది. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రభు భోజనపు బల్లకు ముందు, ఆధారం లేని ఎనిమిది మందికి పంచుతాం. జాబితా చదివేది నేనే. కొండమ్మ మొదటి పేరు. పిలవగానే గోనెసంచి తెరిచి పట్టుకుంటుంది, పాపం, తలెత్తదు. నేనూ నా వంతు పిడికెడు తప్పకుండా తీసి వేస్తాను.

రోజూ స్నానం చెయ్యి.

అక్క


బాపట్ల,
18 సెప్టెంబర్ 2006

అక్కకి వందనాలు.

రావద్దన్నావు. గది కురుస్తుందన్నావు. బావ పోయినప్పుడు మనమంతా ఆ గదిలోనే సర్దుకుని పడుకోలేదా? సరే, అలిగి చేసేదేముంది. ఆగస్టులో నువ్వు రాసినదీ ఒక్కటే ఉత్తరం. బొమ్మిడాయిల పులుసు మూడు వాక్యాల్లో ముగించేశావు. చింతపండు ఎంత వేశావో కూడా లేదు. విసుగొచ్చిందేమో నీకు.

ఈ ఉత్తరం అందుకు కాదు. సంతోషమ్మ పోయి అక్టోబరు ఒకటికి ఏడాది. లెక్క చూస్తే ఆదివారం, మీ బియ్యం పంపకం రోజే. మనీషా, ఫిన్నీ ఇక్కడ ప్రార్థన కూటం పెడదామన్నారు. జనాన్ని చూసే ఓపిక నాకు లేదు. ఆమె పేరున మీ డబ్బాలో ఒక బస్తా బియ్యం పోయిద్దామనుకున్నాను. ఆ ఎనిమిది మంది తింటే ఆమెకు సంతోషం. యలమందకు కబురు పెట్టాను. శనివారం నీ ఇంటికి తెచ్చి దించుతాడు. మర్నాడు నువ్వు దగ్గరుండి పాస్టరుగారికి అప్పగించు. గింజ కూడా పోకుండా పేదవాళ్ళకే చేరాలి. నీ చేతికిస్తే ఆ భయం లేదు.

నీకు వేరే పంపలేదని ఏమీ అనుకోవు కదా. నెయ్యీ రొయ్యలూ తినే ఇంట్లో లోటేముందిలే!

యోబు


రేపల్లె,
2 అక్టోబర్ 2006
(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు)

యోబూ,

శనివారం మధ్యాహ్నం యలమంద వచ్చాడు. సైకిలు రిక్షాలో బస్తా. గుమ్మంలో దాన్ని చూడగానే సంతోషమ్మే పంపినట్టు అనిపించింది. నీకు తెలిసిపోయిందనీ, సిగ్గు పోతే పోయింది బతికాననీ అనుకున్నాను. నీ ఉత్తరం ముందే వచ్చింది గాని, రెండు రోజులుగా కళ్ళు తిరుగుతుంటే చదవకుండా పక్కన పెట్టాను. యలమందే చెప్పాడు. "అమ్మగారున్నప్పుడు మీకే తెచ్చేవాణ్ణి. ఈసారి గుడికంట కదండీ. మీకు వేరేగా పంపుతార్లెండి" అన్నాడు. మంచినీళ్ళిచ్చి పంపాను. అప్పుడు నీ ఉత్తరం తీసి చదివాను.

బస్తా మూలన పెట్టుకుని ఆ సాయంత్రమంతా దాని ఎదురుగా కూర్చున్నాను. కొత్త గోనె వాసన, లోపల బియ్యం వాసన. ఆవేళ నేనేమీ తినలేదు. బస్తా మూతి విప్పలేదు. ఎందుకో చెబుతాను. ఆగస్టు పంతొమ్మిదో తారీకు శనివారం, డబ్బా నా గదిలో ఉండగా, అందులోంచి మూడు పిడికిళ్ళ బియ్యం తీసుకుని గంజి కాచుకుని తాగాను. రెండు రోజులైంది అప్పటికి ఏమైనా తిని. గంజి తాగుతున్నంతసేపూ బాగుంది. గిన్నె కడిగాక తెలిసింది ఏం చేశానో. వితంతువుల నోటి దగ్గరిది దొంగిలించాను. ఆ తర్వాత ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి వెళ్ళలేదు. ఏ చేతులతో వెళ్ళను?

కాబట్టి నీ బస్తా నాకు పరీక్ష అనుకున్నాను. ఆదివారం పొద్దున గుడి వాచ్‌మన్ వచ్చి సైకిలు మీద తీసుకెళ్ళాడు. వెనకాలే నడిచాను. ఎనిమిది మందికీ మామూలు కన్నా రెట్టింపు వచ్చింది. సంతోషమ్మ పేరు చెప్పి పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను పేర్లు చదివి, అందరూ బల్లకు లేస్తుంటే ఇంటికి వచ్చేశాను.

లోటేముంది అన్నావు. నిన్నెలా తప్పుపట్టను? వడియాలతో సహా నేనే రాశాను కదా.

అక్క


రేపల్లె,
3 అక్టోబర్ 2006

యోబుకి,

బియ్యం అందాయి. పాస్టరుగారికి అప్పగించాను. రసీదు తీసుకున్నాను.

రాహేలు


బాపట్ల,
27 నవంబర్ 2006

అక్కకి,

నీ కార్డు ముక్క పదిసార్లు చదివాను. రసీదు తీసుకున్నాను, రాహేలు! "అక్క" అని కూడా లేదు. నేను నిన్ను రసీదు అడిగానా?

నీకు నా మీద కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. సొంత అక్కకు చీర ముక్కయినా పంపకుండా గుడికి బస్తా పంపాడనుకున్నావేమో. అడగవచ్చు కదా. లేకపోతే నా ఏడుపు విని విని విసిగిపోయావు. అదే నిజమైతే అదీ చెప్పు. వంటలు రాయడం మానేసి మూడు నెలలైంది. నేను మళ్ళీ నాలుగు ముద్దల దగ్గరికి వచ్చాను.

అంతకంటే పెద్ద సంగతి. నిన్న ఇక్కడ ఒక పెళ్ళిలో మీ సంఘం ప్రకాశరావు మాస్టారు కలిశారు. "అక్కగారు మూడు నెలలుగా బల్లలో పాలుపొందడం లేదండి. ఆరాధనకు వస్తారు, బల్ల వేళకు లేచి వెళ్ళిపోతారు. మిమ్మల్ని అడుగుదామనుకున్నా" అన్నారు. నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. ఏంటక్కా ఇది? పాస్టరుగారితో మాటామాటా వచ్చిందా? లేక ఈ వయసులో పెంతెకొస్తు వాళ్ళలో కలిసి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటావా? నాన్న ఉపదేశిగా బతికిన కుటుంబం మనది. నలుగురికీ చెప్పాల్సినదానివి, నువ్వే ఇలా చేస్తే నాలాంటివాడు ఎవరిని చూసి నిలబడాలి?

జవాబు రాయి. కార్డు మీద కాదు.

యోబు


రేపల్లె,
4 డిసెంబర్ 2006

తమ్ముడికి,

కార్డు మీద కాదన్నావు కనుక కవరు కొన్నాను. ఇందులో రెండు పాత ఉత్తరాలు కూడా పెడుతున్నాను, నీకు రాసి పంపనివి. ముందు వాటిని చదివి, ఆ తర్వాత దీనికి రా.

చదివావా? పెంతెకొస్తు లేదు, కోపమూ లేదు. నేను దొంగను, ఆకలిగొన్నదాన్ని, అబద్ధాలకోరును. ఇవి మూడూ ఒక్కదాన్నే ఎలా అయ్యానో నాకే తెలియడం లేదు. దోసకాయ పప్పు అబద్ధం. రొయ్యలు అబద్ధం. చేపలామె నిజమే, గుమ్మం ముందు నుంచే వెళ్తుంది, నేను పిలవను. ఇక బొమ్మిడాయిల పులుసు రాసేనాటికి చేతిలో సత్తువ లేదు, అందుకే మూడు వాక్యాలయింది. నువ్వు చింతపండు ఎంత వేశావని అడిగావు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక చివరికి ఏడుపైంది.

మొదటి ఉత్తరం పరువు కోసం రాశాను. ఆ తర్వాతవి నీ కోసం రాశాను. నువ్వు అవి చదివి తింటున్నానని రాస్తే, నేనెలా మానను? ఖాళీ గిన్నె ముందు కూర్చుని నీకు వడ్డించాను అనుకో. ఆకలి రుచెరుగదంటారు. తప్పు. ఆకలికి తెలిసినంత బాగా రుచి ఎవరికీ తెలియదు, కూర్చోబెట్టి ఎన్ని కూరలైనా రాయిస్తుంది.

ఇప్పుడు ఓపిక అయిపోయింది. నాగమ్మ అప్పుడప్పుడూ ఒక గిన్నె పట్టుకొస్తుంది. తిన్నానని చెప్పి పంపించేస్తాను. పగలంతా పడుకునే ఉంటున్నాను. చావాలని కోరిక లేదురా, బతకాలన్న పనే కనిపించడం లేదు. శనివారం ఇళ్ళకు వెళ్ళడం ఒక్కటే మానలేదు. డబ్బా వేరే వాళ్ళ ఇంట్లో పెట్టమన్నాను, కారణం చెప్పలేదు.

నిన్ను అడగలేదని తిట్టకు. పెద్దదాన్ని. నీ నోట్లో ముద్దలు పెట్టి పెంచినదాన్ని.

రాహేలక్క


బాపట్ల,
9 డిసెంబర్ 2006

అక్కా,

నిన్న మధ్యాహ్నం పోస్టుమాన్ ఇచ్చాడు. బల్ల దగ్గర కూర్చునే చదివాను. మనీషా పెట్టిన అన్నం ఎదురుగా ఉంది. తినలేను, అలాగని ఆ గిన్నె వంక చూడకుండా ఉండలేను. నాలుగున్నరకు ఆ అమ్మాయి వచ్చేసరికి అక్కడే ఉన్నాను. ఉత్తరాలు తన చేతిలో పెట్టాను. నిలబడే చదివింది. లోపలికి వెళ్ళి సంచిలో బియ్యం పోయడం మొదలుపెట్టింది. కాసేపటికి లోపలి నుంచే, "మావయ్యగారూ, కందిపప్పు కూడా పెడుతున్నానండీ" అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అది అమ్మల మీద వేసిన నింద. మన అమ్మ అడగకుండానే పెట్టింది, నువ్వూ పెట్టావు, సంతోషమ్మ నాకు కూడా తెలియకుండా పెట్టింది. అడిగితే గాని పెట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. అది కూడా కాదు, నీ గుమ్మంలో బస్తా దింపించి ముట్టుకోవద్దన్నాను. గింజ పోకూడదని రాశాను నీకు! ఈ చేత్తోనే రాశాను.

నీ దగ్గర నేనూ ఒకటి దాచాను. మే నెలలో ఒక రోజు పొద్దున్నే సూర్యలంక బస్సెక్కి సముద్రం దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. మధ్యాహ్నం దాకా నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డాను. ఫిన్నీ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పటినుంచి గుంటూరులో మనసుకు మందిచ్చే డాక్టరుగారి దగ్గరికి నెలనెలా తీసుకెళ్తున్నాడు. నాకు సిగ్గు. యోబు పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడని నీకు తెలియకూడదనుకున్నాను. ఆ రోజుల్లోనే నీ దోసకాయ పప్పు వచ్చింది. నువ్వు దాన్ని అబద్ధం అంటున్నావు, అను. నేను దాని మీదే నిలబడ్డాను.

దొంగతనం సంగతి పాస్టరుగారితో చెప్పు. చెప్పేదాకా నీకు ముద్ద దిగదు, నిన్ను నాకు తెలుసు.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. గది కురిసినా వస్తాను. నువ్వు రావద్దని రాసేలోపు నేను అక్కడ ఉంటాను.

నీ తమ్ముడు


రేపల్లె,
9 జనవరి 2007

తమ్ముడు యోబుకి,
అక్క దీవెనలు.

నువ్వు వెళ్ళి పది రోజులైంది. నువ్వు చేసిన పప్పుచారులో ఉప్పు సంగతి నాగమ్మ వీధిలో అందరికీ చెప్పింది. రెండు వారాలు ఆ వంట తిని బతికాం కాబట్టి ఇక మనల్ని ఏదీ చంపదు. నువ్వు తెచ్చిన సంచి చివరికి వచ్చింది. వేమూరులో నూర్పిళ్ళు అయ్యాక యలమంద బస్తా తెస్తాడన్నావు. తెమ్మను. తీసుకుంటాను. నీ ముందు చిన్నతనం ఇంకేం మిగిలింది గనుక. ఫిబ్రవరిలో కంటి ఆపరేషన్‌కు బాపట్ల రమ్మని మనీషా రాసింది. వస్తానని చెప్పు.

మనసు ఇంకా బరువుగానే ఉంది. నువ్వున్నన్ని రోజులూ తేలిగ్గా ఉండి, నువ్వు బస్సెక్కగానే మళ్ళీ వచ్చి కూర్చుంది. నీ డాక్టరుగారి దగ్గరికి నన్నూ తీసుకెళ్తానన్నావు. సిగ్గే. అయినా వస్తాను.

శుక్రవారం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు, నా చేతి మీద ఆదివారపు బడి చదివినవాడు. మూడు పిడికిళ్ళ సంగతి చెప్పాను. చెప్పి తల దించుకుని కూర్చున్నాను. తలెత్తి చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఆ డబ్బా ఎవరి కోసమమ్మా?" అన్నాడు. ఆధారం లేనివాళ్ళ కోసమన్నాను. "మరి ఈ నెల జాబితాలో మీ పేరు రాయండి. మీ తమ్ముడుగారి బియ్యం వచ్చాక కొట్టేద్దురుగాని" అన్నాడు. నేను చదివే కాగితం మీద నా పేరేంటి బాబూ, వద్దు, తిరిగి ఇచ్చేస్తానన్నాను. "తిరిగి ఇవ్వడం మీకు తేలికేనండి. తీసుకోవడమే కష్టం" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో. ఇంటికి వచ్చి ఎనిమిది కింద తొమ్మిది వేసి, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాశాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చదవడానికి నిలబడ్డాను. కాగితం అక్కర్లేదు, ఎనిమిదీ నాకు కంఠతా వచ్చు. కొండమ్మ నుంచి మొదలుపెట్టి ఎనిమిదో పేరు దాకా ఒకే గొంతుతో చదివాను. వాళ్ళు వచ్చి పోయించుకున్నారు. ఆడవాళ్ళు బల్లకు లేస్తున్నారు, పంపకం అయిపోయిందనుకుని. అప్పుడు "రాహేలు" అని పిలిచాను.

ఎవరూ రాలేదు. ఎవరొస్తారు? కాగితం మడిచి వెళ్ళిపోదామా అనిపించింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ పిలిచాను, "రాహేలు!" ఈసారి నేనే డబ్బా ఇవతలి పక్కకు వచ్చి, చంకలోని గుడ్డసంచి తీసి తెరిచి పట్టుకున్నాను. గుడ్డసంచి కదా, మూతి నిలవడం లేదు. కొండమ్మ తన మూట కింద పెట్టి వచ్చి రెండో అంచు పట్టుకుంది. చెవి దగ్గరకు వంగి, వినపడేలా గట్టిగా చెప్పింది: "నేనూ మొదటిసారి రెండో పిలుపుకే వచ్చానమ్మా. తమరు గమనించలేదు."

పన్నెండేళ్ళుగా ఆమె పేరు చదువుతున్నాను యోబూ. గమనించలేదు.

బల్లకు వెళ్ళాను. ఇంటికొచ్చి ఎసరు పెట్టాను. సగం తిన్నాను. మిగతాది రేపటికి ఉంది.

అక్క